తలుపుకు అవతలి వైపు

తెల్లాపూర్‌లో మా బాల్కనీకి ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో మొన్న పొద్దున్నే ఇంకో భవనానికి ముగ్గు పోశారు. ఇద్దరు మనుషులు తాడు లాగి పట్టుకుంటే, ఒకామె తట్టలోంచి పిండి జారవిడుస్తూ తాడు వెంట నడిచింది. గాలి మా వైపు తిరిగినప్పుడు ఆ పిండి వాసన, గొంతులో గరగరలాడే పొడివాసన, నా కాఫీ కప్పు దాకా వచ్చింది. అక్కడింకా గోడ లేదు, గది లేదు. అయినా పని అయ్యాక ఆమె గీత దాటి అడ్డంగా రాలేదు. చుట్టూ తిరిగి, గుమ్మం కోసం వదిలిన ఖాళీలోంచి బయటికి వచ్చింది. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ముక్కుపుటాలు మండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నర్సింహులు సార్ చూసుంటే ఆమెను పిలిచి మరీ మెచ్చుకునేవారు.

ఆయన మీకు తెలియదు. తెలిసేంత పేరున్న మనిషి కాదు. చందానగర్ దాటాక ఉండే ఒక పెద్ద కర్మాగారంలో ముప్పయ్యేళ్ళు యంత్రాల బొమ్మలు గీసి రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్. సొంతూరు నానక్‌రామ్‌గూడ. నేను ఆయన్ని కలిసింది తొంభైల చివర్లో, మాదాపూర్‌లో. అప్పటి మాదాపూర్ అంటే బండరాళ్ళు, సీతాఫలం పొదలు, వాటి మధ్య ఎవరో కలగని మరిచిపోయినట్టు సగం లేచి నిలబడ్డ ఒక గుండ్రటి భవనం. దానికి కాస్త దూరంలో ఒక అద్దె మేడలో మా ఆఫీసు. విదేశీ కంపెనీ ఒకటి తయారుచేసే కంప్యూటర్ ఆటలో కొన్ని భాగాలను మేం కట్టి పంపేవాళ్ళం. తుపాకి ఆట. తెర మీద ఆడేవాడి చేతులూ, తుపాకీ మాత్రమే కనిపిస్తాయి, లోకాన్నంతా వాడు తన కళ్ళతోనే చూస్తాడు. మొదటి ఆట అప్పటికే బాగా ఆడింది. మా చేతికొచ్చింది రెండోది.

మా యజమాని రమణరావు గారు గోదావరి జిల్లా మనిషి. మా విదేశీ క్లయింటు ఆటలోని గదులకు కాగితం మీద ప్లాన్లు అడిగాడని సార్‌ను పెట్టుకున్నారు. నేను ధర్మవరం నుంచి వచ్చి, చందానగర్‌లో చిన్నాన్న ఇంట్లో ఉంటూ, ఆరు నెలల ట్రైనీగా చేరాను. మొదటి రోజే సార్ నన్ను డాబా మీదికి తీసుకెళ్ళి చేతిలో ముగ్గుపిండి డబ్బా పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎమ్మెస్సీ లెక్కలు చదివి, మూడు నెలలు కంప్యూటర్ బొమ్మలు నేర్చుకుని, వచ్చింది ముగ్గులేయడానికా!

"గట్ల సూడకు బిడ్డా. నువ్వు గీసిన దారిల ముందుగాల నువ్వు నడువు. నడువని దారి మందికి ఎట్ల ఇస్తవు?" అన్నారు.

ఆట జరిగేది అంతరిక్ష నౌకలో. అందులోని ఒక నడవా, నేను గీసింది, డాబా మీద తెల్లటి గీతలుగా పరుచుకుంది. నడిచాను. రెండు చోట్ల తిరిగేటప్పుడు గీత తొక్కాను. సార్ చీపురుతో ఆ గీత చెరిపి, అరడుగు లోపలికి జరిపి గీశారు. "వెడల్పు పెంచాలేమో సార్" అన్నాను. "భయపడే కాడ భుజం గోడకు తగలాలె" అన్నారు. ఆ తర్వాత మాకదే అలవాటైంది. పొద్దున తొమ్మిదికి, ఎండ ఎక్కకముందు, గాలికి గీతలు కొద్దికొద్దిగా చెదిరిపోతుంటే, మేమిద్దరం లేని గదుల్లో తిరిగేవాళ్ళం. లేని తలుపు దగ్గర ఆగి, నిజంగానే తోసుకుని వెళ్ళేవాళ్ళం. చుట్టూ బండరాళ్ళు గులాబీరంగులో మెరిసేవి. కొన్ని పొద్దులు నేనెక్కడున్నానో నాకే తెలిసేది కాదు.

ఆయనకు మౌస్ పట్టుకోవడం నేనే నేర్పాను. మొదటి ఆట ఆడించాను. అబ్బో, ఆ ఆడటం చూడాలి! అందులో శత్రువులు రాకాసి పురుగులు. అవి మీద పడుతుంటే ఆయన పైకప్పు దూలాలు చూస్తూ నిలబడేవారు. పదిసార్లు చచ్చి, నా సాయంతో చివరి దాకా వచ్చారు. ఆ ఆట చివర్లో ఒక ఇనుప తలుపుంది. వెనక పురుగులు తరుముకొస్తుంటాయి, వాటికి ముందు మన తోటి సిబ్బంది పరుగెత్తుకొస్తుంటారు. బటన్ నొక్కి తలుపు మూసేస్తే మనం బతుకుతాం. వాళ్ళు అవతలే ఉండిపోతారు. కాసేపు తలుపు బాదిన చప్పుడు, తర్వాత గెలిచినట్టు పాట.

సార్ బటన్ నొక్కలేదు. "అవతలోళ్ళు?" అన్నారు.

"వాళ్ళు ఉత్త సౌండే సార్. మూయకపోతే ఆట ముగియదు."

"మూసినోళ్ళంత ఏమన్నరు?"

"ఏమంటారు సార్, గెలిచామన్నారు."

ఆయన నొక్కారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఆ పాట అయిపోయేదాకా అలాగే కూర్చున్నారు.

ఆ వారమే రెండో ఆట ఎలా ఉంటే గొప్పగా ఉంటుందో చెప్పమని రమణరావు గారు అందర్నీ కూర్చోబెట్టారు. ఒకరు పెద్ద తుపాకులన్నారు. ఒకరు ఎగిరే పురుగులన్నారు. నేను మూడింతల పురుగులన్నాను. సార్ చివరన మెల్లగా అందుకున్నారు. "మొదటిది ఆడినోనికి ఇప్పుడు పురుగంటె భయం లేదు. తుపాకి పెద్దగ జేస్తె ఇంక ధైర్యమొస్తది, అంతే గద. వాడు అండ్ల ఒక్క పని జేసిండు, జేసి ఉరికిండు. గా తలుపు మూసిండు. రెండో ఆటల వాణ్ణి గా తలుపు అవతలికి తోల్కపోవాలె. ముందుగాల ఒక్క పురుగు గూడ ఉండొద్దు. వాడే, వాడు జేసిందే ఉండాలె."

రమణరావు గారు కాసేపు పెన్ను తిప్పి, "ఒక్క లెవెల్ చేసి చూపించండి" అన్నారు. ఆ లెవెల్, అంటే ఆటలో ఆ ఒక్క అంకం, కంప్యూటర్‌లో కట్టే పని నాకు పడింది. అది క్లయింటుకు నచ్చితేనే నా ఉద్యోగం ఖాయం అని కూడా అన్నారు.

రెండు నెలలు కట్టాం. ఇనుప తలుపుకు అవతలి వైపు. దాని మీద గీతలు, చేతులు బాదిన చోట చిన్న సొట్టలు. అక్కణ్ణుంచి లోపలికి వాళ్ళ భోజనాల గది. బల్ల మీద మూత పెట్టిన గిన్నె ఒకటి పెట్టించారు సార్. "వచ్చి తింటమనుకున్నరు గద" అన్నారు. ఒక మంచం పక్కన చెప్పులు. ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. తుపాకి చేతిలో ఉంటుంది, కాల్చడానికి ఏమీ ఉండదు. ఆ గదుల్లో తిరుగుతుంటే నాకు నిద్రలో నడిచినట్టుండేది. అంత అందమైన పని నేను మళ్ళీ చేయలేదు.

మరి అలాంటి దాన్ని పాడుచేసింది ఎవరనుకున్నారు? నేనే. క్లయింటు వచ్చే రెండు రోజుల ముందు నాయన ఫోను చేశాడు. "ఉద్యోగం కాగితం వచ్చిందా సుభద్రా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. "ఉగాది దాకా చూస్తామ్మా. రాకుంటే వచ్చేయ్. బి.ఎడ్.లో చేరుదువు, అన్నీ మాట్లాడిపెట్టినా." అదే సాయంత్రం రమణరావు గారు నా వెనక నిలబడి తెర చూసి, "బాగుందండీ, కానీ ఫైటింగేదండీ?" అని నిట్టూర్చి వెళ్ళారు. మర్నాడు సార్ భోజనానికి వెళ్ళినప్పుడు ఆ ఖాళీ గదుల్లో నలభై పురుగులు నింపాను. సార్‌కు చెప్పలేదు.

క్లయింటు తరఫున వచ్చినామె పొడుగ్గా, నెమ్మదిగా ఉంది. కూర్చుని ఆడింది. పురుగులు రావడం, ఆమె కాల్చడం. భోజనాల గదిలోంచి గిన్నె వైపు చూడకుండా పరుగెత్తింది. పావుగంటకు ఆవలింత ఆపుకుంది. మంచిదే, అన్నింటిలాగే ఉందంది. సార్ మొహం పాలిపోయింది. రమణరావు గారి ద్వారా ఒక్కటే అడిగించారు, తలుపు చూశారా అని. ఆమె అయోమయంగా, ఏ తలుపు అంది.

"ఎవరండీ వీటిని ఇక్కడ పెట్టింది?" రమణరావు గారి గొంతు పైకి లేచింది.

సార్ నావైపు చూశారు. నేను కీబోర్డు వైపు చూశాను.

"నేనే పెట్టించిన సార్. పొరపాటైంది" అన్నారు నర్సింహులు సార్. "పాత కాపీ ఉన్నది. సుభద్రా, జర పెట్టు బిడ్డా."

పెట్టాను. ఆమె మళ్ళీ ఆడింది. ఇనుప తలుపు ముందు ఆగింది. సొట్టల దగ్గరికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చేయి కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ మూసింది నేనే కదా, అంది మెల్లగా.

ఉగాదికి ముందే నాకు కాగితం వచ్చింది. నాయన వీధంతా మిఠాయి పంచాడట. సార్‌ను మాత్రం ఆ నెలాఖరుకు పని మాన్పించారు, పెద్దాయన కదా, తికమక పడుతున్నారని. ఆయన పెన్సిళ్ళు సంచిలో సర్దుకుంటుంటే నేను నోరు విప్పలేదు. ఛీ, ఏం మనిషిని! రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ మూడు నెలలు గడిపాను. డాబా ఎక్కడం మానేశాను.

చివరికి ఒక ఆదివారం షేర్ ఆటో పట్టుకుని నానక్‌రామ్‌గూడ వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. నన్ను చూసి సంతోషించారు, చాయ్ తెప్పించారు. నేను గ్లాసు ముట్టుకోకుండా, ఏడుస్తూ, మొత్తం చెప్పేశాను.

"తెలుసు బిడ్డా" అన్నారు. "నువ్వు గాక ఇంకెవరు పెడ్తరు? ఫికర్ చెయ్యకు, చాయ్ తాగు."

"మీరు అప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?"

"చెప్తే నీ నౌకరి పోయేది. ఇగ నాకెందుకు చెప్తున్నవు? నాకు తెలిసిందే గద. తెల్వనోళ్ళకు చెప్పు."

అంతే. తర్వాత చింతపండు ధర గురించి మాట్లాడారు.

సోమవారం మీటింగులో లేచి నిలబడి, పురుగులు పెట్టింది నేనని చెప్పాను. "వయసైపోయింది, ఇంట్లో కూర్చోండి అన్నానండీ ఆయన్ని" అన్నారు రమణరావు గారు తల వంచుకుని. నా కాగితం వెనక్కి తీసుకోలేదు కానీ, ఆ లెవెల్ నా చేతిలోంచి తీసేశారు. సాయంత్రం తనే నానక్‌రామ్‌గూడ వెళ్ళి బతిమాలారు. సార్ రాలేదు. కండ్లు అలిసినయ్, ఇగ చాలు అన్నారట. ఆట బయటికొచ్చాక ఆడినవాళ్ళు రాసిన ఉత్తరాలన్నీ ఆ తలుపు గురించే. తుపాకుల గురించి ఒక్కరూ రాయలేదు.

ఇప్పటికీ ఇదే పనిలో ఉన్నాను. రెండో ఆట ఎలా ఉండాలని ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అడిగితే, మొదటి ఆటలో ఆడినవాడు ఏం చేసి పారిపోయాడో ముందు అది చెప్పండి అంటాను. మీటింగులో తప్పు బయటపడి, అది నాదైతే, నేనే ముందు లేస్తాను. ఇన్నేళ్ళలో ఆ భయం మాత్రం తగ్గలేదు. సార్ ఉన్నన్నాళ్ళూ ఆయన దగ్గరికి వెళ్తూనే ఉన్నాను, చాయ్ తాగుతూనే ఉన్నాను. నన్ను క్షమించారా అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడిగితే క్షమించానంటారని తెలుసు, అందుకే అడగలేదు.