తాత బూట్లలో ఒక వేలు సందు

మా ముత్తాత లక్ష్మణరావు దేశ్‌ముఖ్. తుర్కయంజాల్ దాటి సాగర్ రోడ్డు వెంట పోతుంటే కనిపించే చెలకలు, మామిడి తోటలు, వాటి నడుమ ఉన్న ఊళ్లు ఆయన మాట మీద నడిచేవి. ఆయన కొడుకు, మా తాత గోపాలరావు, పంచాయితీకి పోయినా పెళ్లికి పోయినా గుర్రం మీదనే పోయేవాడు. ఆయన వస్తుంటే ఎదురుగా వచ్చే బండ్లు రోడ్డు దిగి నిలబడేవని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఆ గోపాలరావుకు నేను ఒక్కణ్నే మనవణ్ని. ఎల్బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో కిరాయికి ఉంటున్నాను.

మొన్న ఆదివారం పొద్దున పాల ప్యాకెట్టు కోసం తలుపు తీసేసరికి మెట్ల మీద ఒక వాసన తగిలింది. తడిసి సరిగా ఆరని ఉన్ని, ప్లాస్టిక్, చెమట, వాటి అడుగున ఎక్కడో చల్లటి ఇనుము కలిసిన వాసన. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా నా కాలి బొటనవేళ్లు చెప్పుల్లో వాటంతటవే ముడుచుకున్నాయి. పైకి చూస్తే మెట్ల మలుపులో, కిటికీ ఎండ పడేచోట, ఒక జత స్కీ బూట్లు ఆరబెట్టి ఉన్నాయి. పిక్క సగం దాకా వచ్చే నల్లటి గట్టి డొప్పలు, వాటి ముందు ఇనుప బకిళ్లు, లోపలి మెత్తటి బూట్లు బయటికి లాగి పక్కన పెట్టినవి. అవి నాలుగో అంతస్తు శేఖర్‌వి. ఏటా చలికాలంలో గుల్మార్గ్ పోయి మంచు మీద జారి వస్తాడు. అక్కడ కిరాయికి దొరికే బూట్లు కావు, సొంతంగా కాలి కొలతకు కుదిర్చి చేయించుకున్నవి. శేఖర్ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి పై వాటాలో వాళ్లు కిరాయికి ఉండేవాళ్లు. ఇప్పుడు కూడా నా నెత్తి మీదనే ఉంటున్నాడు, కాకపోతే సొంత ఫ్లాటులో.

దిల్‌సుఖ్‌నగర్ ఇల్లు మా వాళ్లు ఊళ్లు వదిలి వచ్చాక కట్టుకున్నది. ముందు వసారా, నల్లరాతి మెట్లు, గేటు పక్కన గన్నేరు చెట్టు ఉండేవి. ఎండాకాలం వస్తే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు నుంచి మగ్గిన మామిడిపండ్ల వాసన, వాటికింద పరిచిన వరిగడ్డి వాసన కలిసి సాయంత్రం గాలిలో మా వసారా దాకా వచ్చేవి. ఆ వాసన రాగానే నాయనమ్మ మా తోటల పేర్లు ఒక్కొక్కటే చెప్పేది, అప్పటికి అవి ఎవరివో అయిపోయినా. వానాకాలంలో సరూర్‌నగర్ చెరువు వైపు నుంచి దోమలు వచ్చేవి. వాటికి వేపాకు పొగ పెట్టి మేమంతా కళ్లు నులుముకుంటూ కూర్చునేవాళ్లం. కోచింగ్ సెంటర్ల బోర్డులు అప్పుడప్పుడే మొలుస్తున్న కాలం అది. శేఖర్ వాళ్ల నాన్న అలాంటి ఒక సెంటరులో లెక్కలు చెప్పేవాడు. కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. వాళ్లమ్మ పోపు పెడితే మా వంటింట్లో మాకు ఆకలి వేసేది.

మా ఇంట్లో దసరా ఆయుధపూజ అంటే తాత బూట్లకు పూజ. తుపాకీ, ఖడ్గం ఎప్పుడో పోయాయి. మిగిలింది ఆ గుర్రపు స్వారీ బూట్ల జత ఒకటే, మోకాలి దాకా ఎత్తుగా, ముదురు బెల్లం రంగులో. బతుకమ్మ సద్దుల నాటి రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు ఇంకా డబ్బాలో మిగిలి ఉండగానే నాయనమ్మ అద్దాల బీరువా తెరిచి వాటిని బయటికి తీసి, తోలు పగలకుండా ఆముదం రాసి, పీట మీద పెట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసేది. దండం పెట్టడం అయ్యాక నన్ను పిలిచి కుడి బూటులో కాలు పెట్టమనేది. వేళ్లు ముందుకు ఆనేదాకా కాలిని లోపలికి తోసి, మడమ వెనక తన చూపుడు వేలు దించి చూసేది.

"ఒక్క వేలు పట్టాలె. గంతే. రెండు పడితే కాలు ఆడ్తది, రికాబులకెల్లి జారుతది. అసలే పట్టకపోతే తిమ్మిరెక్కుతది," అనేది. తాత గుర్రం దిగిన ప్రతి సాయంత్రం ఆ బూట్లు లాగింది, ఆ కాళ్లకు కాపడం పెట్టింది ఆమే కాబట్టి ఆమెకు తెలుసు. "నీ కాలు నిండిన దసరకు ఇవి నీవే," అనేది చివరికి.

నాకు మూడు వేళ్లు పట్టేవి. ఏడాదికోసారి, ఇంటిల్లిపాది ముందు, మూడు వేళ్లు. శేఖర్ మెట్ల మీద కూర్చుని, వాళ్లమ్మ పంపిన గారెల గిన్నె ఒళ్లో పెట్టుకుని, అందులోంచే ఒకటి తింటూ చూసేవాడు. మళ్లీ బడికి పోయేటప్పుడు, "ఏంటి దొరగారూ, ఈ ఏడు కూడా బూట్లు ఖాళీయేనా?" అనేవాడు. ఆ బూట్లు నిండడం కంటే నాకు ఆ రోజుల్లో వేరే కోరిక ఉండేది కాదు.

ఎనిమిదో తరగతిలో మా బడి వాళ్లు కొందరు పిల్లల్ని మనాలి దగ్గర స్కీయింగ్ క్యాంపుకు తీసుకుపోయారు. శేఖర్, నేను ఇద్దరం పోయాం. గుర్రం మీద ఊళ్లు తిరిగినవాడి మనవడికి రెండు చెక్కల మీద జారడం ఒక లెక్కా అని మనసులో అనుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన చలికాలంలో స్వెటర్లు పరుచుకునే నేపాలీ వాళ్ల దగ్గర మందపాటి ఉన్ని మేజోళ్లు మూడు జతలు కొనుక్కున్నాను. శేఖర్ బడికి వేసుకునే పల్చటి మేజోళ్లే తెచ్చుకున్నాడు. అది చూసి నాకు జాలి కూడా వేసింది.

అక్కడ ఒక రేకుల షెడ్డులో బూట్లు కుప్పగా పోసి ఉన్నాయి. నేర్పే ఆయన్ను అందరూ ఉస్తాద్‌జీ అనేవాళ్లు. ఒక్కొక్క పిల్లవాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టి, బూటు లోపలి మెత్తటి భాగం బయటికి లాగేసి, ఉత్త డొప్పలో కాలు పెట్టించి, వేళ్లు ముందుకు ఆనించమని, మడమ వెనక తన వేలు దించి చూస్తున్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. అది మా వసారాలో, పసుపు కుంకుమల మధ్య, నా ఒక్కడికే జరిగే పని అనుకున్నాను. ఇక్కడ ఎవరి కాలికి పడితే వారి కాలికి చేస్తున్నారు. మా ఇంట్లో కాలు కొలిచేది ఇంటి పెద్ద మాత్రమే. నా వంతు వచ్చేసరికి కుప్పలో అన్నిటికంటే పెద్దగా ఉన్న ఎర్ర బూట్లు తీసి, మూడు జతల మేజోళ్లు ఒకదాని మీద ఒకటి తొడిగి, వేలు కాదుగదా గడ్డిపోచ కూడా పట్టకుండా నింపి, బకిళ్లు బిగించి నిలబడ్డాను. ఉస్తాద్‌జీ అడిగితే చూసుకున్నానని చెప్పాను. జీవితంలో మొదటిసారి నా కాలు ఒక పెద్ద బూటును నింపింది.

మొదటి వాలు దిగేలోపే మడమ లోపల లేవడం మొదలైంది. మడమ లేచినప్పుడల్లా కాలు ముందుకు జారి బొటనవేళ్లు డొప్పకు కొట్టుకునేవి. మేజోళ్లు చెమటకు తడిసి చల్లబడ్డాయి. కాలు నిలవడం లేదని బకిళ్లు ఇంకా బిగిస్తే మోకాలి కింద ముంగాలి ఎముక మీద వాత తేలింది. రెండో రోజు మధ్యాహ్నానికి వేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. నన్ను షెడ్డులో కట్టెల పొయ్యి పక్కన కూర్చోబెట్టారు. మిగిలిన క్యాంపంతా అక్కడి కిటికీలోంచే చూశాను. శేఖర్ మోకాళ్లు వంచి, ముంగాళ్లను బూటు నాలుక మీద ఆనించి, పడి, లేచి, మళ్లీ పడి, చివరికి పడకుండా, తెల్లటి వాలు మీద ఇటొక వంపు అటొక వంపు తిరుగుతూ వచ్చి షెడ్డు ముందు ఆగేవాడు. ఆగినప్పుడు లేచిన మంచు పొడి కిటికీ అద్దానికి తగిలేది. వాడు పడాలని ఎంత గట్టిగా కోరుకున్నానో నాకు ఇప్పటికీ గుర్తుంది.

తిరిగొచ్చిన మర్నాడు వాడు పై వాటా మెట్లు దిగలేక, గోడ పట్టుకుని, ముసలివాడిలా ఒక్కొక్క మెట్టు కిందికి వచ్చాడు. నేను అప్పటికే వసారాలో చాప మీద కాళ్లు చాపుకుని ఉన్నాను. నాయనమ్మ ఇనుప మూకుట్లో రాళ్లుప్పు వేయించి, పాత ధోవతి ముక్కలో మూట కట్టి, గోరువెచ్చటి నువ్వుల నూనె గిన్నె పక్కన పెట్టుకుని మా ఇద్దరి నడుమ కూర్చుంది.

"యాడ నొస్తుంది?" అని వాణ్ని అడిగింది.

"తొడలండీ మామ్మగారూ. మోకాళ్ల పైన. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను."

ఆమె చెయ్యి ఆగింది. "మా ఆయన గూడ గుర్రం దిగినంక అచ్చం గట్లనే అనేటోడు," అంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. "నీకు?"

"వేళ్లు," అన్నాను. గోళ్లు అప్పటికే నల్లబడ్డాయి.

"వేళ్లు నొచ్చుడు స్వారీ నొప్పి కాదు బిడ్డా. అది బూటు నొప్పి."

"వీడు మూడు జతల మేజోళ్లు వేసుకున్నాడండి," అన్నాడు శేఖర్. "బూటు తొడుక్కోలేదు మామ్మగారూ, పరుపు తొడుక్కున్నాడు."

నాయనమ్మ నవ్వలేదు. నా గోళ్లకు పసుపు అద్ది, దూది చుట్టి, వాడి వైపు తిరిగి తొడలకు కాపడం పెట్టింది. చాలాసేపు పెట్టింది. ఉప్పు చల్లారితే మళ్లీ వేయించి తెచ్చింది. "పండుకుంటె బిగుసుకుంటయ్. జర నడువు, మెట్లు ఎక్కి దిగు, మళ్ల నూనె రాస్త," అని రెండు రోజులు వాణ్ని మా వసారాలో నడిపించింది. మా తాత నొప్పి వాడికి వచ్చింది, మా తాత మందు వాడికి పోయింది. నేను దూది చుట్టిన వేళ్లతో చూస్తూ పడుకున్నాను.

ఆ ఏడు దసరాకు నాకు రెండు వేళ్లు పట్టాయి. నాయనమ్మ ఇంకా పీట దగ్గరే ఉంది. శేఖర్ ఎప్పటిలాగే గారెల గిన్నెతో వచ్చాడు. ఆ ఆరు నెలల్లో వాడు తాటిచెట్టులా పెరిగాడు. నాయనమ్మ వాడి కాళ్ల వైపు చూసింది.

"ఓ పంతులు కొడుకా, ఇటు రా. నీ కాలు పెట్టు."

"నేనా అండీ?"

"పెట్టు."

గిన్నె నా చేతికిచ్చి వాడు కాలు పెట్టాడు. ఆమె మడమ వెనక వేలు దించింది. ఒక్క వేలు దిగింది. పక్కన రెండోది పెట్టి చూసింది, దిగలేదు. తాత కొడుకు, మా బాపు, లేచి లోపలికి పోయాడు. నాయనమ్మ వేలు వెంటనే తీయలేదు. చూడటానికి అవసరమైనదానికంటే ఎక్కువసేపు, తల వంచుకుని, ఆ సందులో అలాగే ఉంచింది. ఆ ముఖం నేను అంతకుముందు చూసింది కాదు. అన్ని దసరాల్లో నా కాలికి ఆ ముఖం ఒక్కసారి కూడా రాలేదు.

వాడే గబగబా కాలు లాగేసుకుని, "మీ వాడివేలెండి మామ్మగారూ, నాకెందుకు," అన్నాడు. ఎగతాళి చేసి ఉంటే కొట్టేవాణ్ని. అలా అనేసరికి ఏం చేయాలో తెలియక గారెల గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నా కాలు ఆ తర్వాత ఎక్కువ పెరగలేదు, రెండు వేళ్ల దగ్గరే ఆగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం పైకి వెళ్లాను. శేఖర్ సోఫాలో తొడల మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చున్నాడు.

"రా రా రఘూ. మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాను, నవ్వకు," అన్నాడు. "ఈ బూట్లు కుదిర్చేటప్పుడు షాపువాడు డొప్పలో కాలు పెట్టించి మడమ వెనక వేలు పెట్టి చూశాడు. నాకు మామ్మగారే గుర్తొచ్చారు. అప్పటి తాతగారి బూట్లు ఉన్నాయిగా?"

"ఉన్నయి," అన్నాను. "లోపల, బీరువాల."

"ఆముదం రాస్తున్నావా? తోలు పగిలిపోతుంది."

"రాస్తున్న," అని చెప్పి, వీపు నిటారుగా పెట్టుకుని మెట్లు దిగి వచ్చాను.

నాయనమ్మ లేదు. పండ్ల మార్కెట్టు గడ్డిఅన్నారం వదిలి పోయింది, ఎండాకాలం సాయంత్రాల్లో ఇప్పుడు ఆ గాలికి ఏ వాసనా లేదు. మా వసారా ఉన్నచోట నాలుగంతస్తుల బట్టల దుకాణం ఉంది, మెట్రోలో పోతుంటే దాని పై అంతస్తు అద్దాలు కనిపిస్తాయి. బూట్లను ఇల్లు అమ్మిన ఏడాదే, అద్దాల బీరువాతో కలిపి, తుర్కయంజాల్ దాటాక సాగర్ రోడ్డు మీద ఉన్న ఒక హోటలుకు అమ్మాం. కౌంటరు వెనక గోడకు మేకులు కొట్టి తగిలించారు.