కానుగ నీడలో పచ్చిక

మా పాపకు పుట్టుకతోనే కుడి పాదం లోపలికి తిరిగి ఉండేది. నాలుగేళ్లు నిండాక ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పిన రోజు కర్నూలులో డాక్టరమ్మ పాపను బల్ల మీంచి దించి, "బండల మీద కాదు, మెత్తటి గడ్డిలో ఉత్త కాళ్లతో నడిపించండి. కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే ఇంకా మంచిది. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట" అన్నారు. సరేనని తల ఊపాను. బస్సెక్కి ఆదోని దారి పట్టాక గానీ, మా ఇంటి దగ్గర గడ్డి ఎక్కడుందన్న ఆలోచన రాలేదు.

మా వీధి చుట్టూ ఉన్నవి సిమెంటు రోడ్లు, పత్తి జిన్నింగు మిల్లుల ప్రహరీలు, వాటి వెంబడి నిలబెట్టిన లారీలు. పార్కు ఊరికి అటు చివర. నేను రోజూ ఎమ్మిగనూరు పోయి బడిలో పాఠాలు చెప్పి వచ్చేవాణ్ణి. రెండు పూటలా పాపను ఆటోలో పార్కుకు తిప్పడం కుదరని పని. ఇంటి ముందు మాత్రం ఆరేడు మంచాలు పట్టేంత జాగా ఉంది. సగం నాపబండలు, సగం మట్టి, నడుమ ఒక కానుగ చెట్టు. అక్కడే పచ్చిక పెంచుదామనుకున్నాను.

నర్సరీలో అడిగితే, చాపలా చుట్టి తెచ్చే పచ్చిక ఉందన్నారు. వాళ్ల మనుషులే వచ్చి పరిచిపోతారట. ఆపరేషన్ అయిన నెలలో అంత ఖర్చు నా వల్ల కాలేదు. గడ్డే కదా, నేనే పెంచుకుంటానని వచ్చేశాను. జీవశాస్త్రం చెప్పేవాణ్ణి, గడ్డి మొలిపించలేనా అన్న పొగరు కూడా లోపల కొంచెం ఉంది.

గరిక ఉచితంగానే దొరికింది. మా బడి పిల్లవాడి తండ్రికి ఎమ్మిగనూరు దారిలో పత్తి చేను ఉంది. గట్టు మీద గరిక తీసుకుంటానంటే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం సార్, దీన్ని పీకలేక మేము నడుములిరిగి సస్తాంటే, నువ్వు తీస్కపోయి నాటుతావా?"

"పాపకు నడవడానికప్పా."

"తీస్కపో, తీస్కపో. నాలుగు మూటలు తీస్కపో. మా చేన్లో పీడ పోతాది."

రెండు ఆదివారాలు గడ్డపారతో కొన్ని బండలు లేపాను. కింద ఇల్లు కట్టినప్పటి కంకర, సున్నం పెళ్లలు, విరిగిన ఇటుకలు. అదంతా జల్లెడ పట్టి, పాలు పోసే ఆమె దగ్గర పశువుల ఎరువు తెచ్చి కలిపేసరికి అరచేతులు పొక్కాయి. తొలకరి పడగానే గరిక వేళ్లు బెత్తెడుకొకటి నాటాను. వారం తిరిగేసరికి గేటు దగ్గర పచ్చగా లేచింది. కానుగ కింద మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

మొదట తప్పంతా మా అమ్మ మీద వేశాను. వాకిలి ఊడ్చనిదే ఆమె కాఫీ ముట్టదు. ఒకరోజు నేను బయటికి వచ్చేసరికి, రాలిన కానుగాకులతో పాటు నేను నాటిన వేళ్లు కూడా చెత్తకుప్పలో ఉన్నాయి.

"అమ్మా, ఆడ ఊడ్సొద్దంటిని కదా!"

"ఆకులు రాల్తాంటే ఊడ్సకుండా ఎట్లరా? సూసినోళ్లు పాడుబడిన ఇల్లనుకుంటారు."

ఊడిస్తే వేళ్లు లేస్తాయి, ఊడవకపోతే ఆకుల కింద గడ్డి కుళ్లుతుంది. చివరికి రోజూ బస్సుకు ముందు నేనే గొంతుక్కూర్చుని ఒక్కొక్క ఆకూ చేత్తో ఏరేవాణ్ణి. ఆ రోడ్డున పోయేవాళ్లలో నన్ను ఏం పోగొట్టుకున్నావని అడగని మనిషి లేడు.

నీళ్లు ఇంకో తలనొప్పి. కొళాయి రోజూ రాదు. బోరు నీళ్లు పోస్తే ఎండాక మట్టి మీద తెల్లగా ఉప్పు తేలింది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్లలో పట్టి పోశాం. ఇంత చేసినా చెట్టు కింద మొలిచినవి సన్నగా, పాలిపోయి, ఎటో ఒక పక్కకు సాగి, పది రోజులకు పడిపోయేవి. మళ్లీ చేనికి పోయి మళ్లీ నాటాను. మూడోసారి పోయినప్పుడు ఆ రైతు నవ్వడం కూడా మానేశాడు.

ఏడో తరగతికి కిరణజన్య సంయోగక్రియ చెబుతూ ఒకరోజు బోర్డు మీద సూర్యుణ్ణి గీశాను. అక్కడి నుంచి ఆకు దాకా బాణం గుర్తు గీస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఇంత కాలంగా పిల్లలకు చెబుతున్న పాఠం ఇది. గరిక ఎండలో బతికే గడ్డి. పైన దట్టమైన కానుగ, తూర్పున పక్కింటివాళ్లు కొత్తగా లేపిన మేడ. ఆ జాగాలోకి ఎండ ఎటు నుంచి వస్తుంది? మూడు నెలల చాకిరీ చేశాక తట్టింది నాకు. నా మీద నాకే అసహ్యం వేసింది.

చెట్టు కొట్టేద్దామంటే నా భార్య ఒప్పుకోలేదు. "ఎండాకాలం ఆ చెట్టు లేకుంటే ఇంట్లో ఉండగలమా?" అంది. నిజమే. నిచ్చెన వేసుకుని కింది కొమ్మలు మాత్రం కోశాను. ఎండ అక్కడక్కడా మచ్చలుగా పడింది. గడ్డి కూడా అంత మేరకే మచ్చలుగా మొలిచింది.

ఇంతలో వినాయక చవితి వచ్చింది. ఆ పొద్దున స్నానం చేసి బయటికి వస్తే, గేటు దగ్గర బాగా పెరిగిన గరిక ముందు ముగ్గురు ఆడవాళ్లు వంగి ఉన్నారు. పళ్లేల నిండా కోసేశారు. నన్ను చూసి వాళ్లలో పెద్దామె, "మీ ఇంట్లో ఎంత బాగా వచ్చినాది సార్ గరిక! పూజకు ఇంక యాడికీ పోకుండా అయిపోయె" అంది. పండగ పూట ఏమనగలను? వాళ్లు పోయాక ఇంకో ఇద్దరు వచ్చారు. మధ్యాహ్నానికి ఉన్న ఆ ఒక్క పచ్చటి ముక్క కూడా బోడిగా అయిపోయింది.

ఈ నెలలన్నీ పాపను వరండాలో పరుపు వేసి నడిపించాం. మడమ ఆనించకుండా, గోడ పట్టుకుని, మునివేళ్ల మీద నడిచేది. అది చూసినప్పుడల్లా గడ్డి మీద కోపం ఇంకా పెరిగేది.

దారి చూపింది మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె. నా గోడు విని, చెయ్యి పట్టి లాగినంత పని చేసి వంటగది వెనక్కి తీసుకుపోయింది.

"ఈడ సూడు సార్. ఎండ మొగమే తెలీదు దీనికి. బియ్యం కడిగిన నీళ్లు తాగి ఎట్ల పరుసుకున్నాదో."

గోడ నీడలో, వెడల్పాటి ఆకులతో, నేలను అంటుకుని మందంగా పాకిన గడ్డి. పేరు ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. ఆమే కొడవలితో చెక్కి మట్టితో సహా రెండు గోనె సంచులకు ఎత్తింది. బస్సులో కండక్టరు ఆ సంచులు చూసి మొహం చిట్లించాడు.

"ఏం సార్, ఇంట్లో బర్రె ఉండాదా?"

"లేదప్పా, నాటుకోడానికి."

"గడ్డిని నాటుకుంటారా?" అని బస్సంతా వినపడేలా అడిగి, సంచులను వెనక సీటు కిందికి తోయించాడు. దారి పొడుగునా మట్టి రాలింది. ఆదోనిలో దిగేదాకా తల ఎత్తలేదు నేను.

ఈ గడ్డి నాటుకుంది. పది రోజులకు కణుపుల దగ్గర కొత్త వేళ్లు దిగాయి. ఎవరూ తొక్కకుండా చుట్టూ పురికొస కట్టాను. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి పాప ఆ పురికొస లోపల, గడ్డి నడుమ నిలబడి ఉంది. ఒక గడ్డి పెళ్ల వేళ్లతో సహా లేచి ఆమె పాదం పక్కన పడి ఉంది.

"గడ్డి తొక్కొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని అరిచాను. ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు.

పాప ఉలిక్కిపడి వెనక్కి జరగబోయి పడింది. ఏడవలేదు. పాకుతూ బండల మీదికి పోయి, గోడకు ఆనుకుని కూర్చుని, "తొక్కనులే నాన్నా" అంది.

నా భార్య గడపలో నిలబడి ఉంది. "ఎవరి కోసం ఏసినారు ఆ గడ్డి?" అని అడిగి లోపలికి పోయింది.

పురికొస తెంపేశాను. పాప పక్కన కూర్చుని బతిమాలాను. రాలేదు. మర్నాడు కూడా రాలేదు. గడ్డి అంచుదాకా వచ్చి నా మొహం చూసి ఆగిపోయేది. ఆ చూపును భరించడం కష్టమైంది.

మూడో రోజు మా అమ్మ చెప్పులు విడిచి, చీర కాస్త ఎత్తి పట్టుకుని గడ్డిలోకి దిగింది. "రాయే, మనిద్దరం తొక్కుదాం. మీ నాయన ఏమంటాడో సూస్తాం" అంది. అని నిజంగానే కాళ్లతో తప తపా తొక్కింది. లేచిన ప్రతి పెళ్లనూ లెక్కపెడుతూ నిలబడ్డాను. పాప నవ్వి, నాయనమ్మ చెయ్యి పట్టుకుని దిగింది. నాలుగడుగులు మునివేళ్ల మీద వేసింది. అయిదో అడుగుకు మట్టి పల్లంలో మడమ దిగబడింది.

అప్పటి నుంచి రోజూ నడిచింది. చలికాలం అయ్యేసరికి మడమ పూర్తిగా ఆనింది. అలిసిపోయినప్పుడు కాలు కొంచెం ఈడుస్తుంది గానీ, డాక్టరమ్మ రాసిచ్చిన ప్రత్యేకమైన బూటు లేకుండానే బడికి పోతోంది.

పచ్చిక మాత్రం బాగుపడలేదు. వాళ్లిద్దరూ నడిచిన చోట బాట పడింది. చెట్టు మొదలు చుట్టూ మూరెడు మేర ఇప్పటికీ ఏదీ మొలవదు. ఈ వేసవి నీటి ఎద్దడికి గేటు దగ్గరిదీ ఎండింది. పాప ఇప్పుడు వీధి పిల్లలతో సిమెంటు రోడ్డు మీదే ఆడుతుంది. ఇంట్లో ఇంత గడ్డి పెట్టుకుని అక్కడెందుకని కేకేస్తే, "ఆడ పరిగెత్తనీకి జాగా లేదు నాన్నా" అని గేటు తోసుకుని పోతుంది.