దిష్టి తీగ

ఇప్పటికీ ఎవరి స్నానాల గదిలోనైనా పంకా తిరుగుతుంటే నాకు రాళ్లుప్పు గుర్తొస్తుంది.

మా చెల్లె తొలి కాన్పుకు రామాయంపేట నుంచి మెదక్‌లోని మా ఇంటికి వచ్చిన ఏటి సంగతి ఇది. మా స్నానాల గదిలోనే ఒక మూల పొయ్యి, దాని మీద నీళ్ల కాగు ఉండేవి. బాలింతకు అమ్మ సలసల కాగే నీళ్లు పోసేది. తలుపు వేస్తే పొగలో, ఆవిరిలో మనిషి కనిపించేది కాదు. చెల్లె దగ్గుతూ వచ్చి గడప మీద కూలబడేది. ఆ దగ్గు వినలేక, పొగ లాగే పంకా పెట్టిద్దామనుకున్నాను.

నేను ఏడో తరగతితో బడి మాని బట్టల దుకాణంలో చేరినవాణ్ణి. నా చదువంతా ఊళ్లోని గ్రంథాలయంలోనే. కథల బీరువా అయిపోయాక, ఎవరూ ముట్టని సైన్సు బీరువా మొదలుపెట్టాను. అందులో ఇంటి కరెంటు గురించిన పుస్తకం ఒకటి దొరికింది. పంకాలో ఏ తీగ తోలు ఊడినా దాని ఇనుప ఒళ్లంతా కరెంటవుతుందట, తడి గోడకూ పాకుతుందట. తడి ఒంటితో తాకితే ప్రాణాలకే ముప్పట. అందుకని పంకా ఒంటి నుంచి ఒక తీగను భూమిలోకి దించాలని, అప్పుడు కరెంటు అందులోకి పోయి మీటరు దగ్గరి ఫ్యూజు కాలి ఆగిపోతుందని రాశారు. దానికి ఆ పుస్తకం పెట్టిన పేరు భూసంధానం. ఆ మాట ఎంత నచ్చిందంటే, గుడ్డ కొలుస్తూ కూడా లోలోపల అనుకునేవాణ్ణి.

చర్చి దిక్కున ఉండే వైర్‌మన్‌ను పిలిచి ఆ సంగతి చెబితే అతను నవ్వాడు.

"ఊర్ల ఇన్ని ఇండ్లకు వైరింగ్ జేసిన. ఎర్తు గావాలె అని అడిగినోన్ని నిన్నే చూస్తున్న. నేను జెప్తే, దొడ్డంత తవ్వుతవా అని నా మీదికే వస్తరు."

"పుస్తకంల ఉన్నదన్నా."

"గట్లయితే గడ్డపార నువ్వే వట్టు. పుస్తకం తవ్వదు గద!"

నీళ్లు చిందని ఎత్తులో పంకా బిగించాడు. తడి చేతికి అందకుండా స్విచ్చి తలుపు బయట పెట్టాడు. దొడ్లో నేను తవ్విన గుంతలో పైపు దించి, చుట్టూ ఉప్పు, బొగ్గులు పొరలుగా పోసి, పంకా తీగను పైపుకు చుట్టాడు. అమ్మ ఆ పూట ఇంట్లో లేదు. బాలింతకు నెయ్యి తెస్తానని కౌడిపల్లికి పోయింది. ఆమె తిరిగొచ్చేసరికి నేను గ్రంథాలయంలో ఉన్నాను.

మర్నాడు పొద్దున దొడ్లోకి పోతే గుంత పైభాగమంతా తోడేసి ఉంది. తీగ తెగి వేలాడుతోంది. అటు చూస్తే పంకా తిరుగుతోంది, తువ్వాలు భుజాన వేసుకుని చెల్లె గడప దాటబోతోంది. ఉరికిపోయి స్విచ్చి ఆపేశాను.

"ఆగు చెల్లే, లోపలికి పోకు! ఈ తీగ ఎవరు తెంపిండ్రు?"

"నేనే," అంది అమ్మ, చెంబుతో వస్తూ. "బాలింత తానం జేసే కాడ ఉప్పు, బొగ్గులు పాతిండ్రు! ఎవడో బాణామతి జేసిండు. మూడు తొవ్వల కాడ పారేసి, కాళ్లు గడుక్కొని వచ్చిన."

"బాణామతి గాదమ్మా. నేనే పెట్టిచ్చిన. దాన్ని భూసంధానం అంటరు."

"ఏందీ, భూదానమా? ఉన్నదే గింత దొడ్డి. గది గూడ రాసిచ్చినవా?"

చెల్లె నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. నేను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. నా మాటలు పెరిగినకొద్దీ అమ్మ ముఖం బిగుసుకుంది.

"గివేం మంత్రాలు సదువుతున్నవ్ రా?"

చివరికి చెల్లే అడిగింది. "అమ్మా, పిల్లకు దిష్టి తాకితే నువ్వేం జేస్తవ్?"

"ఉప్పు దింపి పొయ్యిల ఏస్త."

"కరెంటుకు గూడ గసొంటి దిష్టే ఉంటదట. నా మీద పడకుంట గీ ఉప్పు భూమిలకు గుంజుకుంటదట. గంతేనా అన్నా?"

"గంతే."

"గట్ల చెప్పరాదుర మరి! పుస్తకాలు సదివి మాటలు మర్సినవ్."

ఆ పూట చెల్లె పొగలోనే స్నానం చేసింది. సాయంత్రం వైర్‌మన్ మళ్లీ వచ్చాడు. అమ్మ కొత్త ఉప్పు తెచ్చి, మొదట పసిదాని చుట్టూ, తర్వాత చెల్లె చుట్టూ తిప్పి గుంతలో పోసింది. చేతిలో తీగ పట్టుకుని అతను ఓపిగ్గా నిలబడ్డాడు.

"ఇగ ముడెయ్యాల్నా, ఇంకేమన్న ఉన్నదా అమ్మా?"

"ముడెయ్యి బిడ్డా. గట్టిగ ఎయ్యి."

ఆ రోజు నుంచి దానికి దిష్టి తీగ అనే పేరు స్థిరపడింది. గుంత తడి ఆరకూడదని పుస్తకంలో ఉన్న సంగతి నేను చెప్పనే లేదు. చెల్లె స్నానం కాగానే, దిష్టి చల్లారాలని అమ్మే రోజూ ఒక చెంబు నీళ్లు అందులో పోసేది.

చెల్లె అత్తవారింటికి పోయే రోజులు దగ్గరపడ్డాక ఒక పొద్దున మీటరు దగ్గర ఠప్పుమంది. పంకా ఆగింది. లోపల నీళ్ల చప్పుడు మాత్రం ఆగలేదు.

"అన్నా, పంకా బందయింది జూడు," అని చెల్లె గొంతు మామూలుగా వినిపించింది.

వైర్‌మన్ వచ్చి పంకా విప్పాడు. ఆవిరికి నాని ఒక తీగ తోలు ఊడి, పంకా ఒంటికి అతుక్కుని ఉంది. దాన్ని నాకు వేలితో చూపించాడు. గడపలో చెల్లె తల తుడుచుకుంటూ పసిదాన్ని ఆడిస్తోంది.

"ఎవల కన్నో పడ్డది. ఉప్పు గుంజుకున్నది," అంది అమ్మ, గుంతలో నీళ్లు పోస్తూ.

ఫ్యూజు సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెంబు అందుకుని నేనూ పోశాను.