విసుర్రాయి చదువు

తెల్లదొరల కాలంలో కాలేజీలో చేరాలంటే ఎస్సెల్సీ పరీక్ష గట్టెక్కాలి. మైదుకూరులో మా అవ్వకు ఎదురుగా కూర్చుని జొన్నలు విసురుతూనే నేను చరిత్ర పాఠాలు వల్లించేదాన్ని. కడపలో పరీక్ష హాలులో అందరూ మగపిల్లలే. భయంతో ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. ఏడుపొచ్చింది. కళ్లు మూసుకుని, బల్ల మీద పిడికిలి గుండ్రంగా తిప్పాను. పాఠమంతా తన్నుకొచ్చింది! కళ్లు తెరిస్తే ఎదురుగా సూపర్వైజరు.

"ఏం చేస్తాండావమ్మా?"

"విసురుతాండా సార్!"

హాలంతా గొల్లుమంది. ఆయన నవ్వాపుకుని, "విసురుకో. సద్దు మాత్రం చేయాకు" అన్నారు.

ఫలితాలొచ్చిన రోజు అవ్వ వీధి వీధంతా తిరిగి, "మేమిద్దరం ప్యాసైనాం!" అని చెప్పింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. విసుర్రాయి పిడి మీద ఆమె చెయ్యి కూడా ఉండేది మరి.