తొడిమలు తీసిన చేత్తో

పదకొండేళ్లుగా ఒక సంగతి నా లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. బరువుగా ఉంది. మా ఆయనకి చెప్పలేదు. పాస్టరు గారికి చెప్పలేదు. ప్రార్థనలో దేవుడికైనా పూర్తిగా చెప్పానా అంటే అదీ లేదు, "నా తప్పులన్నీ క్షమించు తండ్రీ" అని మిగతా వాటితో కలిపి గబగబా అనేసి లేచిపోయేదాన్ని. పోయిన ఆదివారం మీరు మీ బాబుని తీసుకుని మా ఇంటికొచ్చారు. వాడు బాగా నటిస్తాడనీ, ఏదో ప్రకటనకి పిల్లలు కావాలంటున్నారనీ, ఒకప్పుడు మా అమ్మాయిని షూటింగులకి తిప్పినదాన్ని కాబట్టి నాలుగు మంచి మాటలు చెప్పమనీ అడిగారు. చెప్పాను. చెప్పినవన్నీ నిజాలే. చెప్పనిది ఒకటుంది. అది దాచిపెట్టి మిమ్మల్ని పంపించానన్న బాధతో వారం నుంచి నా మనసు మనసులో లేదు.

మీకేం చెప్పాను? ఫొటోలు మామూలు బట్టల్లో, ముఖానికేమీ రాయకుండా తీయించమన్నాను. కథేమిటో, పిల్లాడు ఏం చేయాలో ముందే అడిగి తెలుసుకోమన్నాను. పరీక్షల రోజుల్లో ఒప్పుకోవద్దనీ, క్యారేజీ ఇంటి నుంచే పట్టుకెళ్లమనీ, వాడికి నిద్రొస్తే షూటింగు ఆపమని అడగడానికి మొహమాటపడొద్దనీ చెప్పాను. అన్నిటికంటే ముఖ్యం, పిల్లాణ్ణి ఎవరి దగ్గరా ఒంటరిగా వదలొద్దు, మీరు పక్కనే ఉండండి అన్నాను. మీరు తలూపారు. మా కెజియాని నేను ఒక్క నిమిషం కూడా వదల్లేదండీ. జరిగిందంతా నేను పక్కనుండగానే జరిగింది. చేసింది నేనే.

అప్పుడు దానికి ఏడేళ్లు. మా ఆయన పత్తి లోడు లారీ నడిపేవాడు. నేను కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేదాన్ని. ఆ ఏడు చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే, కెజియాకి గొర్రెల కాపరి వేషం ఇచ్చారు. తోటి కాపరులు మాటలు మర్చిపోయి బిక్కచచ్చిపోతే, వాళ్ల మాటలు కూడా తనే చెప్పేసింది. జనం నవ్వలేక చచ్చారు. ఎవరో అది ఫోనులో తీశారు. ఆ వీడియో చూసి గుంటూరు నుంచి ఒక కుర్ర డైరెక్టరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు, చిన్న సినిమా తీస్తున్నాను, పాపని పంపిస్తారా అని.

ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. మీది పొన్నూరు వైపు, వరి పండే చోటు, మీకు తెలియకపోవచ్చు. రోజంతా తొడిమలు తీసిన చేతులకి మంట ఒక పట్టాన పోదు. సబ్బు, కొబ్బరినూనె, మజ్జిగ, అన్నీ రుద్దుతాం. అయినా మర్నాటి దాకా వేళ్లల్లో ఉంటుంది. అందుకని మా ఇళ్లల్లో తల్లులు పిల్లల ముఖం ముట్టుకోరు. ముక్కు కారితే పైటకొంగుతో తుడుస్తాం. కాటుక పెట్టాలంటే పనికి వెళ్లని పక్కింటి ఆవిణ్ణి పిలుస్తాం. ముద్దొస్తే మోచేత్తో దగ్గరికి లాక్కుంటాం. మా అమ్మ నాతో అలాగే ఉండేది. నా వేలు పిల్ల కంటికి తగిలితే ఏమవుతుందో నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు.

షూటింగు ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లెలో, పత్తి చేల పక్కన ఇంట్లో. నష్టపోయి చనిపోయిన రైతు కథ. కెజియా ఆయన కూతురు. దండ వేసిన తండ్రి ఫొటో ముందు కూర్చుని ఏడవాలి. అది ఏడిస్తేగా! తండ్రి వేషం వేసినాయన పొద్దున్నే దానికి బిస్కట్లు ఇచ్చి దోస్తీ కట్టాడు. ఇప్పుడు కెమెరా వెనక స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అది దండలో ఉన్న ఆయన్ని చూసి, టీ తాగుతున్న ఆయన్ని చూసి, పకపకా నవ్వేది. ఎన్నిసార్లు తీసినా అంతే. అందరూ దానితో పాటు నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ డైరెక్టరు మంచివాడండీ. ఆయన మీదికి ఏదీ తోసేయలేను. చిన్నపిల్లల కళ్లల్లో గ్లిజరిన్ వేయనన్నాడు. భయపెట్టి, అబద్ధాలు చెప్పి ఏడిపించడం కూడా వద్దన్నాడు. నా దగ్గరికొచ్చి, ఏడుపు రాకపోతే పోనీండమ్మా, వీపు కనబడేలా కూర్చోబెట్టి తీసుకుంటాం, సీను చెడదు అన్నాడు. నాకు శుభ్రంగా వినబడింది. వినబడినా నమ్మలేదు. మొహమాటానికి అంటున్నాడనుకున్నాను. వీపు తీస్తే ఆ పిల్లని ఇంకెవరు పిలుస్తారు అనుకున్నాను. ఎందుకంత ఆత్రం నాకు? పద్దెనిమిదో ఏట నుంచి తల వంచుకుని కాయల కుప్ప ముందు కూర్చున్నదాన్ని, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, పక్కన కూర్చున్న మనిషికి కూడా ముఖం కనబడకుండా బతికినదాన్ని, నా కూతురి ముఖమైనా నలుగురూ చూడాలని ఉండేది. ఆ కోరిక తప్పంటారా? కోరిక తప్పు కాదేమో. కానీ ఆ ముఖం నాది కాదు కదా.

జుట్టు సరిచేస్తానని చెప్పి దాని దగ్గరికి వెళ్లాను. ముందురోజు చీకటిపడే దాకా పనిలోనే ఉన్నాను. చెమట తుడిచినట్టు, బొటనవేలితో దాని రెండు కళ్ల కిందా రాశాను. పొరపాటున తగిలిందని నాకు నేను చెప్పుకోవాలని చాలా ఏళ్లు చూశాను. కుదరలేదు. అలవాటు కొద్దీ పైటకొంగు చేతిలోకి తీసుకున్నాను. తీసుకుని, వదిలేసి, వేలితో రాశాను.

కాసేపటికి ధారలు కట్టాయి. అది కెవ్వుమనలేదు. ఒక్కసారి నావైపు చూసింది. తర్వాత, ఫొటోనే చూడాలి అని డైరెక్టరు చెప్పాడు కాబట్టి, ఫొటో వైపు తిరిగింది. ఏడేళ్ల పిల్ల, కళ్లు భగ్గుమంటుంటే, చెప్పిన చోటే చూస్తూ కూర్చుంది. టీ తాగుతున్నాయన కూడా కళ్లు తుడుచుకున్నాడు. పుట్టుకతో వచ్చిందమ్మా మీ పాపకి అన్నాడు డైరెక్టరు. నేను దాన్ని పంపు దగ్గరికి తీసుకెళ్లి కళ్లు కడిగించి, దుమ్ము పడిందిలే నాన్నా అన్నాను. అప్పుడు నాకు సిగ్గు వేయలేదు. సంతోషం వేసింది. అది కూడా ఒప్పుకోవాలి.

ఒక్కసారితో ఆపి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కానేమో. రెండేళ్లలో తొమ్మిదిసార్లు చేశాను. ఏడ్చే పాత్ర ఉందంటే చాలు, మా కెజియా కోసం ఫోను వచ్చేది. ముందురోజు తొడిమల పని లేకపోతే ఎండుమిరపకాయ తోలు చిన్న ముక్క కొంగుకి ముడేసుకుని వెళ్లేదాన్ని. కళ్లు ఎర్రబడి పుసులు కడితే గుంటూరులో డాక్టరమ్మకి చూపించాను. ఏం పడింది అని అడిగితే లారీ దుమ్ము అన్నాను. చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టి, సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యమంటే దేవుడు మన బతుకులో చేసిన మేలు అందరి ముందూ లేచి చెప్పడం. నేను మైకు పట్టుకుని, నా బిడ్డకి ఈ తలాంతు, ఈ నేర్పు దేవుడిచ్చాడు, దాని కన్నీళ్లు కూడా ఆయన వరమే అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. కెజియా ముందు వరసలో చాప మీద కూర్చుని నన్నే చూస్తోంది. నిజం తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే అనుకున్నాను.

దానికి తొమ్మిదేళ్లప్పుడు విజయవాడలో ఒక సీరియల్ షూటింగు. మేకప్ గదిలో మేమిద్దరమే ఉన్నాం. పిలుపొచ్చింది. నేను ముడి విప్పి, వేలు తడి చేసుకుని, దాని ముఖం దగ్గరికి చెయ్యి తీసుకెళ్లాను.

"అమ్మా, ఇంక కారం అక్కర్లేదు," అంది.

"కారమేంటే?" అన్నాను.

"నాకు మొదటి రోజే తెలుసుగా. నీకిష్టమని ఊరుకున్నా. ఇప్పుడు కారం లేకపోయినా వచ్చేస్తంది. నీ చెయ్యి ఇట్టా దగ్గరికొస్తే చాలు, ఏడుపొచ్చేస్తంది."

లెక్కల్లో మంచి మార్కులొచ్చాయని చెప్పినట్టు చెప్పింది. నాకు ఒక శ్రమ తప్పించానన్న సంబరం దాని గొంతులో. నేను ముడి గట్టిగా కట్టేసి, ఖాళీ చెయ్యి, ఎడమ చెయ్యి, ఊరికే దాని చెంప దగ్గరికి తీసుకెళ్లాను. తాకలేదు. అది చెప్పింది నిజమే. కళ్లు నిండిపోయాయి.

అప్పుడైనా దాన్ని ఎత్తుకుని బయటికి వచ్చేశానా? లేదు. ఆ సీను తీయనిచ్చాను. బాగా వచ్చిందన్నారు. అది అయ్యాక బస్సెక్కి ఇంటికొచ్చాం, మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు. చదువు పాడవుతోందని అందరికీ చెప్పాను. పేరు వస్తున్న రోజుల్లో మాన్పించి పిల్ల చదువు చూసుకుందని నన్ను మెచ్చుకున్నారు. మొన్న మీరూ అదే అన్నారు.

ఇప్పుడు కెజియాకి పద్దెనిమిదేళ్లు. నర్సింగు చదువుతోంది. కళ్లకి ఏ లోపమూ రాలేదు. నాతో బాగానే ఉంటుంది, ఫోను చేస్తుంది, మందులు వేసుకున్నావా అని కోప్పడుతుంది. ఆ విషయం మాత్రం మా మధ్య ఇంతవరకూ రాలేదు. నేను తొడిమల పని మానేసి చాలా కాలమైంది, బట్టల కొట్లో ఉంటున్నాను, నా చేతుల్లో ఇప్పుడేమీ లేదు. పోయిన నెల జ్వరమొచ్చి ఇంటికొస్తే, మధ్యాహ్నం నిద్రపోతుండగా నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. కళ్లు తెరవలేదు. రెప్పల కింద నుంచి నీళ్లు జారి చెవుల్లోకి కారాయి. జ్వరానికి కూడా కళ్లు కారతాయండీ. ఎవరైనా అదే అనుకుంటారు. నేను అనుకోలేకపోయాను. చెయ్యి తీసేసి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను.

మీ బాబుని పంపొద్దని అనడం లేదు. వాడికి సరదాగా ఉంటే పంపండి. కానీ వాడు చేయలేకపోయే రోజొకటి వస్తుంది. వీపు తీసుకుంటాం అంటారు, లేదా ఈసారికి వద్దులెండి అంటారు. ఆ రోజు వాడు ముందుగా మీ ముఖమే చూస్తాడు. అప్పుడు మీ ముఖంలో ఏముంటుందో ఇప్పుడే ఆలోచించుకోండి. వాడితో కలిసి నవ్వుకుంటూ బస్సెక్కగలరా? ఎక్కగలిగితే వెళ్లండి. షూటింగుల్లో పిల్లల్ని చూసుకోవడానికి తల్లి ఉంటుంది. ఆ తల్లిని చూసుకోవడానికి అక్కడెవరూ ఉండరు.

దీన్ని ముందు కెజియాకి చూపించాలి. తెలుసు. దానికి తెలియని సంగతి ఇందులో ఒక్కటీ లేదు, నేను నోరు తెరవడం ఒక్కటే మిగిలింది, అయినా ధైర్యం రావడం లేదు. పరాయివాళ్లు కాబట్టి మీకు రాయగలిగాను. క్షమించమని దాన్ని అడగాలని కూడా లేదు. అడిగితే వెంటనే క్షమించేస్తుంది. నాకిష్టమని.

పొద్దున కూర్చున్నదాన్ని, ఇది రాసి ముగించేసరికి మధ్యాహ్నమైంది. గట్టిగా ఆకలేసింది. ఇంత తేలికపడే హక్కు నాకెక్కడిదని ఒకసారి అనిపించింది. అయినా లేచి, అన్నం పెట్టుకుని తిన్నాను.