అక్క చేయించుకున్న ఆపరేషన్

మా అక్క బాపట్లలో టైలరింగు షాపు నడుపుతుంది. ఆ వీధిలో ఆడవాళ్లందరి కొలతలూ ఆమెకు తెలుసు. తన కొలతలు మాత్రం ఎవరినీ తీయనిచ్చేది కాదు. రెండో కాన్పు తర్వాత పెరిగిన ఒళ్లు మళ్లీ తగ్గలేదు. షుగరు వచ్చింది, మోకాళ్లు అరిగాయి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. ప్రయత్నించక కాదు. పొద్దున్నే నడిచింది, జొన్నరొట్టెలు తింది, ఎవరో అమ్మిన పొడులు తాగింది. తగ్గిన బరువు కొన్నాళ్లకే తిరిగొచ్చేది. పెళ్లిళ్లలో చుట్టాలు కాస్త నోరు కట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు. ఆ మాట పడ్డ రోజున అక్క విస్తరి ముందు నుంచి లేచిపోయేది.

బరువు తగ్గడానికి జీర్ణాశయంలో చాలా భాగం కోసి తీసేసే ఆపరేషన్ ఉందని, ఆమెకు షుగరు మందులు రాసే డాక్టరే చెప్పాడు. గుంటూరులో సర్జన్ దగ్గరికి అక్క, బావ, నేను వెళ్లాం. ఆయన తొందరపెట్టలేదు. ఎక్కువమంది క్షేమంగానే ఇంటికి వెళతారని చెప్పి, జరగకూడనివి కూడా చెప్పాడు. కుట్లు వేసిన చోట లీకు కావచ్చు. కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. విటమిన్ మాత్రలు బతికినంతకాలం వేసుకోవాలి.

"ఇంటికెళ్లాక గుండె దడగా కొట్టుకున్నా, జ్వరం వచ్చినా, నొప్పి ఎక్కువైనా ఆలోచించకండమ్మా, వచ్చేయండి" అన్నాడు.

బయటికి రాగానే బావ భయపడి వద్దన్నాడు.

"ఇలాగే ఉంటే భయం లేదా ఏంటి?" అంది అక్క.

ఆపరేషన్ బాగానే జరిగింది. గుంటూరుకు దగ్గరని తెనాలిలో మా ఇంటికి తీసుకొచ్చాను. రేపల్లె నుంచి అమ్మ వచ్చింది. కోసిన ఒంటికి బలం కావాలని, మెత్తగా పప్పన్నం కలిపి గిన్నెతో అక్క చుట్టూ తిరిగేది. పలచటివి తప్ప ఏమీ పెట్టకూడదని నేను అడ్డుపడితే కళ్లనీళ్లు పెట్టుకునేది. అక్క మజ్జిగ తేట చెంచాతో చప్పరిస్తూ ఇద్దరినీ ఊరుకోమనేది.

ఒక మధ్యాహ్నం పడుకున్న అక్క లేచి కూర్చుంది. ఎడమ భుజంలోకి నొప్పి లాగుతోందంది. గ్యాసే అయి ఉంటుంది, వాము నీళ్లు తాగమంది అమ్మ. సాయంత్రం దాకా చూద్దామని బావ ఫోనులో అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. అక్క నా చెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకుంది. పరుగెత్తి వచ్చిన మనిషిలా కొట్టుకుంటోంది.

"సర్జన్ చెప్పింది ఇదేనే. కారు పిలువు."

అది లీకే. మళ్లీ థియేటరులోకి తీసుకెళ్లారు, కడుపులో గొట్టాలు వేశారు. ఐసీయూ బయట బావ గోడకు తల ఆనించి నిలబడిపోయాడు. అమ్మ నాతో మాట్లాడలేదు. అక్కను దీనికి ఒప్పించింది నేనేనని ఆవిడ నమ్మకం. సర్జన్ మాత్రం మాకు మొహం చాటెయ్యలేదు. రోజూ వచ్చి ఏం జరుగుతోందో విడమరిచి చెప్పేవాడు. ఇంకా ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదన్నాడు.

లోపలికి వెళ్లనిచ్చినప్పుడు అక్క నన్ను దగ్గరికి రమ్మని, తప్పు చేశానేమోనే అంది. తడిగుడ్డతో ఆమె పాదాలు తుడుస్తూ కూర్చున్నాను.

కోలుకోవడానికి నెలలు పట్టింది. జుట్టు దువ్వెన నిండా ఊడేది. ఇప్పుడు షుగరు మందులు బాగా తగ్గాయి, నిద్ర సరిగా పడుతోంది. సూర్యలంక బీచికి వెళితే ఇసుకలో నాకంటే ముందు నడుస్తుంది. కానీ నాలుగు ముద్దలకే ఆపాలి, గబగబా తింటే వాంతి అవుతుంది. మాత్రలు మానేస్తే నీరసపడిపోతుంది.

మొన్న నేను షాపులో ఉండగా జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకమ్మాయి, ఆ ఆపరేషన్ మంచిదేనా అక్కా అని నెమ్మదిగా అడిగింది. అక్క మిషన్ ఆపి, స్టూలు లాగి ఆమెను కూర్చోబెట్టింది.

"నాకు మేలే జరిగిందమ్మా. చావు దాకా కూడా వెళ్లొచ్చాను. రెండూ చెప్తాను, విను."