బెంచీ మీది అమ్మాయికి పెట్టిన టిక్కు

మా పీడీ మేడమ్ గత మంగళవారం ఉదయం, మా కాలేజీ ఉన్న ఇబ్రి ఊళ్లోనే కన్నుమూశారు. దుఃఖం కాస్త తగ్గాక నెమ్మదిగా రాయవచ్చు. కానీ ఆవిడ సరిచేయాలనుకున్న ఒక తప్పు ఇంకా కాగితం మీద అలాగే ఉంది. దానివల్ల ఒక అమ్మాయి ఈ సీజన్ అంతా ఆటకు దూరమయ్యేలా ఉంది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మా కాలేజీలో అమ్మాయిలకు ఫుట్‌బాల్ నేర్పింది ఆవిడే. నేను ఆవిడ గదిలో కాగితాలు చూసే అసిస్టెంటుని. మాది కడప జిల్లా. అమ్మ ఈ అరబ్బు దేశానికి పనికొచ్చి, సీబ్ ఊళ్లో ఒక విల్లాలో పనిచేస్తుంది. మా ఇంట్లో బడికి వెళ్లింది నేనే మొదలు కాబట్టి, అచ్చులో ఉన్న ఏ రూలు చూసినా ఎందుకు అని అడగాలనిపిస్తుంది. చేరిన వారంలోనే అడిగాను.

"మేడమ్, పిల్ల ఒక కాలేజీ మాని ఇంకో కాలేజీకి పోతే, ఆడేదానికి మళ్లీ పాత కాలేజీ లెటర్ ఎందుకు? పిల్ల వాళ్ల సొత్తా?"

ఆవిడ ఫ్లాస్కు మూతలో టీ పోసుకుంటూ నవ్వారు. "బాగా అడిగావే. సొత్తు కాదు. ఫీజు మాఫీ చేస్తామని పక్క కాలేజీవాళ్లు సీజన్ మధ్యలో మన గోల్‌కీపర్ని లాక్కుపోయారనుకో, మిగతా పిల్లలేమైపోవాలి? రూలు చదివితే ముందు అది ఎవర్ని ఆపడానికి పుట్టిందో చూడు. తర్వాత ఎవర్ని ఆపేస్తోందో చూడు."

ఆవిడ రూల్సు పుస్తకం అంచుల నిండా పెన్సిల్‌తో ప్రశ్నార్థకాలు ఉండేవి. జవాబు దొరికినా వాటిని చెరిపేవారు కాదు. బస్సు కదిలేముందు చిన్న ప్రార్థన, ఆ తర్వాత పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టడం. "దేవుడి మీద నమ్మకం ఉందర్రా, మీ మీదే లేదు" అనేవారు.

ఇక ఆ తప్పు సంగతి. సీజన్ మొదట్లో బహ్లా ఊళ్లో మ్యాచ్ జరిగింది. ఆడవాళ్లు మాత్రమే వచ్చే హాలు కాబట్టి ఫోన్లు గుమ్మం దగ్గరే తీసుకున్నారు, ఆ మ్యాచ్‌ది ఒక్క ఫొటో కూడా లేదు. టీమ్ షీట్‌లో ఆడినవాళ్ల పేర్ల పక్కన టిక్కు పెట్టాలి. ఆ టిక్కుల్ని చూసే భోజనం పొట్లాలు ఇచ్చేవారు. బస్సెక్కి వచ్చిన పిల్ల ఆకలితో తిరిగి వెళ్లకూడదని మేడమ్ ఎప్పుడూ అందరికీ టిక్కు పెట్టేసేవారు. ఆ రోజు ఫస్టియర్ అమ్మాయి ఒకతె మ్యాచ్ అయ్యేదాకా బెంచీ మీదే కూర్చుంది. ఆమెకూ టిక్కు పడింది.

రెండు వారాలకు ఆమె తల్లికి సీబ్‌లో నర్సు డ్యూటీ వచ్చింది. అమ్మాయి అక్కడి కాలేజీలో చేరింది. మేము లెటర్ ఇచ్చాం. కానీ ఒక కాలేజీ తరఫున ఒక్క మ్యాచ్ ఆడినా, ఆ సీజన్‌లో ఇంకో కాలేజీకి ఆడకూడదన్నది రూలు. పోటీల కమిటీవాళ్లు బహ్లా షీట్ తీసి, ఈమె ఆడింది కదా అన్నారు.

"మేడమ్, బెంచీ మీద కూర్చుంటే ఆడినట్టేనా?" అని అడిగాను.

"కాదు."

"మరి టిక్కు?"

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అది అన్నానికి పెట్టిన టిక్కే. ఆ సంగతి రూలుకి తెలీదుగా."

"మన కాపీలో కొట్టేస్తే పోదా మేడమ్?"

"అప్పుడది రెండో తప్పవుతుంది. నాదే తప్పని రాసేద్దాం."

సోమవారం సాయంత్రం ఆవిడ చెప్తుంటే నేను టైపు చేశాను. "రేపు పొద్దున్నే సంతకం పెడతాను, తాళం వెయ్యి" అన్నారు. తెల్లారి కాలేజీకి బయల్దేరబోతూ గుండె ఆగి పడిపోయారు.

సంతకం లేని లెటర్ చెల్లదని కమిటీ చెప్పింది. మా కాలేజీవాళ్ల మాట కూడా సరిపోదట. మ్యాచ్ చూసిన బయటివాళ్లు ఇద్దరు రాసిస్తే ఆలోచిస్తారట.

పోయిన మనిషి తప్పును మన తెలుగువాళ్ల పత్రికలో పెట్టవచ్చా అని నాకు సందేహం వచ్చింది. చర్చిలో ప్రార్థన అయ్యాక మేడమ్ భర్తను అడిగాను. అంకుల్, "రాయమ్మా. ఊరికే పొగిడితే ఆవిడకి చిరాకు. తప్పు దిద్దకుండా పొగిడితే ఇంకా చిరాకు" అన్నారు.

శుక్రవారం అమ్మను చూడ్డానికి సీబ్ వెళ్లినప్పుడు ఆ అమ్మాయినీ కలిశాను. మేడమ్ మీద కోపంగా ఉందా అని అడిగాను.

"కోపమేంటక్కా, ఆ పొట్లంలో చికెన్ చాలా బాగుంది" అంది. మళ్లీ తనే, "ఒక్క నిమిషం ఆటలోకి దింపి ఉంటే బాగుండేది. ఆడి ఆగిపోయాననుకునేదాన్ని" అంది.

ఆ రోజు బహ్లా హాల్లో కూర్చుని మ్యాచ్ చూసిన నర్సమ్మలు, తల్లులు ఈ పత్రిక చదివేవాళ్లలో ఉంటారని నా ఆశ. మాది ఆకుపచ్చ జట్టు. ఆమె చొక్కా మీద పద్నాలుగు. ఆమె ఆటలోకి దిగిందో లేదో మీకు గుర్తున్నంతే రాయండి. గుర్తు లేకపోతే ఆ మాటే రాయండి. మేడమ్ కోసమని ఒక్క అక్షరం కూడా కలపవద్దు.

నేను వచ్చేసేటప్పుడు కొత్త జట్టు ప్రాక్టీసు చేస్తోంది. ఆ అమ్మాయి గోలు వల వెనక నిలబడి, బయటికొచ్చిన బంతులన్నీ లోపలికి విసురుతోంది. ఒక బంతి తెల్లగీత మీదే ఆగిపోయింది. ఆమె గీత ఇవతలే నిలబడి, వంగి, రెండు చేతులూ చాచి దాన్ని అందుకుంది. దయచేసి మీ జవాబు ఈ నెల ఇరవై రెండో తేదీలోగా పత్రిక చిరునామాకు చేరేలా పంపండి.